ఎన్ని గజాల గుడ్డ

శనివారం, రాత్రి.

పొద్దున్నుంచీ ఒకటే ముసురు. అమ్మ విజయవాడ నుంచి వచ్చి ఇరవై రోజులైంది. "ఇంట్లో కూర్చోబెట్టి చంపుతున్నావురా" అని టిఫిన్ దగ్గరే మొదలెట్టింది. గొడుగులేసుకుని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి పోయాం.

ఈజిప్టు మమ్మీల దగ్గర ఆగనే లేదు. శవాల్ని చూడ్డానికి టిక్కెట్టేమిటంది. మధ్యయుగపు శిల్పాల హాల్లో మాత్రం ఓ రాతి మరియమాత ముందు నిలబడిపోయింది.

మాకు తెలిసిన మరియమాత గుణదల కొండమీది లూర్దుమాత. ఒంటరిగా, చేతులు జోడించి ఉంటుంది. క్రైస్తవులం కాకపోయినా ఫిబ్రవరి తిరునాళ్ళు ఎప్పుడూ తప్పలేదు. ఈవిడ వేరు. బల్లమీద నిండుగా కూర్చుంది. ఒళ్ళో పిల్లాడు, తెరిచిన పుస్తకం. వాడు పుస్తకం మీద చెయ్యి పెట్టి, తలతిప్పి అమ్మ మొహంలోకి చూస్తున్నాడు. ఇదేం అక్షరమని అడుగుతున్నట్టే ఉంది.

ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి కదా, అమ్మ చూపు పిల్లాడి మీంచి బట్ట మీదికి జారింది. "ఒరే, ఎన్ని గజాలు పట్టుంటుంది?"

నిజమే, ఒళ్ళంతా గుడ్డే. మోకాళ్ళ మీంచి జారి, కింద కుప్పపడి, మళ్ళీ మడతపడి... సున్నపురాయంటే నమ్మలేం. ఎత్తు నాలుగున్నర అడుగులే. అక్కడక్కడా రంగూ బంగారు పూతా ఇంకా మిగిలున్నాయి. 1415-17 నాటిది. బర్గండీ డ్యూకుల కొలువులో శిల్పి క్లాస్ స్లూటర్ తర్వాత పనిచేసిన అతని బంధువు, క్లాస్ డ వెర్వ్ చెక్కాడంటారు. ఉండాల్సిన చోటు ఫ్రాన్సులో పోలిన్యీ అనే ఊళ్ళోని క్లారా సన్యాసినుల మఠం. 1933లో ఈ మ్యూజియం కొనుక్కుంది.

ఆ సన్యాసినులు ఆస్తిపాస్తులొద్దని ఒట్టుపెట్టుకున్నవాళ్ళని చెప్పాను.

"మరి వాళ్ళకి ఇంత చీరున్న అమ్మవారా!" అంది. అని, కాసేపటికి తనే, "వాళ్ళకి లేదనే ఈవిడకి కట్టారేమోలే."

నేను బల్ల అంచున చెక్కిన లాటిన్ వాక్యం గురించి చెప్పబోయాను. లోకానికి ముందే, ఆదిలోనే నన్ను సృష్టించారని దాని అర్థం. వినలేదు. పక్కకి తిరిగి, వంగి, మడతలు లెక్కపెడుతోంది. కాపలా ఆయన రెండుసార్లు ఇటు చూశాడు.

ఇప్పుడు పదకొండయింది. మ్యూజియం మ్యాపు వెనక నా పెన్నుతో ఆ కుచ్చిళ్ళు గీస్తోంది. ఎడమ మోకాలి దగ్గర మడత ఎటు తిరిగిందో గుర్తు రావట్లేదట. రేపు మళ్ళీ వెళ్దామంటోంది.