హోమ్ కేర్ నర్సు వచ్చేలోగా

మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోవడంతో అమ్మకు కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడి, మాట పోయింది. రాజమండ్రిలోని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేనాటికి ముక్కు గొట్టం, యూరిన్ బ్యాగు అలాగే ఉన్నాయి. ఇంట్లోవాళ్ల వల్లనే అయ్యే పని కాదని తేలడంతో ఒక హోమ్ కేర్ సంస్థను సంప్రదించాం. ముందుగా ఒక నర్సు వచ్చి అమ్మను చూసి, ఎటువంటి మనిషి ఎన్ని గంటలు ఉండాలో నిర్ణయిస్తారని చెప్పారు.

రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలులో పెడితే చాలునని అన్నయ్య అభిప్రాయం. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు, పూటపూటకూ వేసే మందులు, ముఖ్యంగా రక్తాన్ని పలచన చేసే మాత్ర మోతాదు, గొట్టాలు మార్చవలసిన తేదీలు కావలసినవే. అయితే అవి చదివితే జబ్బు సంగతి తెలుస్తుందే గాని, ఆ మనిషితో ఒక రోజు ఎలా గడుస్తుందో తెలియదు. అందుకని వదిన, నేను ఒక తెల్లవారి నుంచి మరునాటి తెల్లవారి వరకు జరిగేదంతా నోటుపుస్తకంలో రాశాం. గొట్టంలో జావ పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచి, ఆ తరువాత అరగంట దాకా వెల్లకిలా పడుకోబెట్టకుండా ఎవరు కనిపెట్టుకుని ఉంటున్నారు, రాత్రి రెండేసి గంటలకు పక్కకు తిప్పేది ఎవరు, నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా, మంచం మీద కూర్చోబెట్టడానికి ఎంతమంది పట్టాలి, ఏ వేళ చిరాకు పడుతుంది వంటివన్నీ అందులో ఉన్నాయి.

అమ్మ ఇష్టాయిష్టాలు కనుక్కోవడానికి ఎక్కువ సమయం పట్టింది. మాట పోయింది గాని, చెప్పింది అర్థమవుతోంది. తల ఊపి జవాబివ్వడానికి వీలుగా ఒక్కొక్క ప్రశ్నే అడిగి, ఆగి చూసేవాళ్లం. ఒళ్లు తుడవడానికి ఆడమనిషే ఉండాలన్నది. చక్రాల కుర్చీకి అడ్డమని వీధి గడప తీయించమంటావా అంటే గట్టిగా తల అడ్డంగా ఊపింది. పసుపు రాసిన గడప కదా! చివరకు దానిపై నుంచి వాలుగా చెక్కబల్ల చేయించాం.

నర్సు గారు ఫైలు తిరగేసి, నోటుపుస్తకం మాత్రం నిదానంగా చదివారు. “పేషెంటు రాత్రి నిద్రపోతారా?” అని నన్ను అడిగారు. “అమ్మనే అడగండి, చెబుతుంది” అన్నాను. ఆవిడ కుర్చీ మంచం దగ్గరకు జరుపుకొని, “నిద్ర పడుతోందా అమ్మా?” అన్నారు. పట్టడం లేదని అమ్మ తల ఊపింది. రాత్రి పేజీలు మళ్లీ చూసి, పగటి ఆయా ఒక్కతే సరిపోదని, రాత్రికి కూడా మనిషి ఉండాలని ఆవిడ రాశారు.

మేము అడగదలచినవీ రాసి ఉంచుకున్నాం. ఆయా రాని రోజు బదులు ఎవరొస్తారు? ముక్కు గొట్టం జారిపోతే ఎవరు పెడతారు? అది శిక్షణ పొందిన నర్సే పెట్టాలని, ఆయాకు ఆ పని చెప్పవద్దని ఆవిడ స్పష్టంగా చెప్పారు. లేపేటప్పుడు చచ్చుబడిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారవచ్చునని చెప్పి, నడుము దగ్గర పట్టుకొని లేపడం వదినకు చూపించారు.

కొన్ని వారాలకు మింగడం పరీక్షించి, మొదట చెంచాతో చిక్కని జావ ఇచ్చి, అది పొరబోకుండా దిగుతోందని చూశాక గొట్టం తీశారు. ఇప్పుడు అమ్మ వాకర్ పట్టుకొని వరండా దాకా నడుస్తోంది, చిన్న చిన్న మాటలు వస్తున్నాయి. రాత్రి మనిషిని మాన్పించాం. పగటి ఆయాను ఎంతకాలం ఉంచాలన్నది మళ్లీ నర్సు గారు వచ్చినప్పుడు అమ్మ ఎదుటే మాట్లాడుకోవాలి. అందుకోసం నోటుపుస్తకం కొత్తగా రాస్తున్నాం.