ఒలికిన పొడి, నాలుగు వాక్యాలు

అనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసి 2018లో హైదరాబాద్‌కు వచ్చినప్పుడు, మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ (నాణ్యత పరీక్షల) ఉద్యోగానికి సబ్జెక్టు, ఇంగ్లీషు ఈ రెండూ ఉంటే చాలునని గట్టిగా నమ్మాను. కూకట్‌పల్లిలోని మా హాస్టల్లో సగం మంది నాలాంటి వాళ్లే. 1961లో ప్రారంభమైన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టడం, అక్కడ పని నేర్చుకున్న, తరువాత డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారి వంటి వారు బయటకు వచ్చి సొంత కంపెనీలు స్థాపించడం వల్లనే జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు ఇన్ని ల్యాబులు ఏర్పడ్డాయని, మాకు ఉద్యోగాలు దొరికే దారి అదేనని మా సీనియర్లు చెప్పేవారు.

నా మొదటి వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఒక ఆదివారం జరిగింది. గేటు బయట వరుసలో మూడు గంటలు నిలబడ్డాను. లోపలికి వెళ్లాక, నా గుణాల గురించి అడగ్గానే, కష్టపడే స్వభావం, నలుగురితో కలిసి పనిచేసే అలవాటు, కొత్తది నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నాయని కంఠతా పట్టిన వాక్యాలు అప్పజెప్పాను. ఎదురుగా కూర్చున్న ఆయన మర్యాదగానే విని, తరువాతి అభ్యర్థిని పిలిచారు. ఆ మాటలు అబద్ధాలు కావు, కానీ వాటిని నమ్మడానికి ఆయనకు నేను ఒక్క ఆధారమైనా ఇవ్వలేదు.

రెండవ చోట ఇంటర్వ్యూ చేసినావిడ నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి వివరంగా అడిగారు. అన్నీ చెప్పాను. చివరకు, "ప్రాజెక్టులో ఎక్కడ తప్పు జరిగిందమ్మా?" అన్నారు. "ఏమీ జరగలేదు మేడమ్, అన్ని రీడింగులూ సరిగానే వచ్చాయి" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, ఆరు నెలలు ల్యాబులో పనిచేసిన వాళ్ల చేతిలో ఒక్క తప్పు కూడా జరగకుండా ఉండదని నెమ్మదిగా అన్నారు. ఆ ఉద్యోగం కూడా రాలేదు.

ఆ సాయంత్రం, అప్పటికే నాలుగేళ్లుగా ల్యాబులో పనిచేస్తున్న హాస్టల్ అక్క ఒకరు నాకు అసలు విషయం విడమరచి చెప్పారు. మందుల ల్యాబులో తయారయ్యే సరుకు కాగితమేనని, మాత్రలో మందు ఎంత ఉందో అమెరికాలో కూర్చున్న తనిఖీ అధికారికి తెలిసేది మనం రాసిన అంకె ద్వారానేనని అన్నారు. అందుకే ప్రతి నమోదుకూ అయిదు లక్షణాలు ఉండాలంటారు: ఎవరు చేశారో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, పని జరుగుతున్నప్పుడే రాయాలి, మొదట రాసినదే ఉండాలి, ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. వీటి ఇంగ్లీషు పదాల మొదటి అక్షరాలను కలిపి ఆల్కోవా (ALCOA) అని పిలుస్తారు. 1993లో బార్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో అమెరికా కోర్టు, పరిమితి దాటిన ఫలితం వచ్చినప్పుడు కారణం వెతకకుండా అనుకూలమైన అంకె వచ్చేదాకా పరీక్షను మళ్లీ మళ్లీ చేయడం చెల్లదని తీర్పు చెప్పిందని కూడా ఆ అక్క దగ్గరే విన్నాను. ఇన్ని పుస్తకాలు చదివాను గాని, యజమాని నాలో దేని కోసం వెతుకుతున్నాడో ఆ రాత్రే నాకు అర్థమైంది. ఎవరూ చూడని చోట నేను ఏం రాస్తానన్నదే వాళ్లకు కావాలి.

మూడవ ఇంటర్వ్యూకు కొత్తగా ఏమీ బట్టీ పట్టలేదు. నా పాత ప్రాజెక్టు నోటుపుస్తకాన్ని మాత్రం మొదటి నుంచి చివరి వరకు చదువుకుని వెళ్లాను. తప్పు గురించిన ప్రశ్న మళ్లీ వచ్చింది. ఆమ్లతను కొలిచే పీహెచ్ మీటరును గడువు తీరిన బఫర్ (ప్రామాణిక) ద్రావణంతో సరిచేసి మూడు రోజుల రీడింగులు తీసుకున్నానని, నాలుగో రోజు సీసా మీద తేదీ చూసి గైడ్ గారికి చెప్పానని, మొత్తం పని మళ్లీ చేశానని చెప్పాను. "పాత రీడింగులు ఏం చేశారు?" అన్నది వారి తరువాతి ప్రశ్న. పేజీ చించలేదని, ఒక్క గీత కొట్టి, కారణం రాసి, తేదీ వేశానని చెప్పాను. ఈ ఒక్క సంగతి మీదే వాళ్లు పావుగంట మాట్లాడించారు. నా ఇంగ్లీషు రెండు మూడు సార్లు తడబడి తెలుగులోకి జారింది, అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. తరువాత మాత్రం ఒక కాగితం ఇచ్చి, ఆ జరిగినదంతా నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో రాయమన్నారు. ల్యాబు రికార్డులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక, ధారాళంగా మాట్లాడడం కన్నా చిన్న వాక్యాన్ని తప్పు లేకుండా రాయగలగడమే ఈ ఉద్యోగంలో ముఖ్యమని ఇంటర్వ్యూలకు తిరుగుతున్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నేను తప్పకుండా చెబుతాను. వారం తరువాత ట్రైనీగా తీసుకుంటున్నామని, ఆరు నెలలు ప్రొబేషన్ అని ఫోన్ వచ్చింది.

మొదటి కొన్ని వారాలు పరీక్షలేవీ చేయనివ్వలేదు. పని పద్ధతుల పత్రాలు చదవడం, సీనియర్ పక్కన నిలబడి చూడడం, చూసింది చేసి చూపించడం, ఇంతే. సమయపాలన గురించి చిన్నప్పటి నుంచి వింటున్నా, దాని అర్థం అక్కడే తెలిసింది. రాత్రి పది గంటల షిఫ్టుకు నేను ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళితే, మధ్యాహ్నం రెండు నుంచి నిలబడి పనిచేసిన మనిషి తన కంపెనీ బస్సు తప్పిపోయినా నాకు పని అప్పగించేదాకా కదలడానికి వీల్లేదు. అప్పగింతలు కూడా నోటితో సరిపోవు. హెచ్‌పీఎల్‌సీ అనే, నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం మీద ఏ కాలమ్ (విడదీసే గొట్టం) ఉంది, నమూనాను ఇంకా ఎన్నిసార్లు ఎక్కించాలి, ద్రావణం ఎప్పుడు కలిపారు అన్నీ పుస్తకంలో ఉండాలి. తెలియనిది మూడుసార్లు అడిగినా అక్కడ ఎవరూ చిన్నచూపు చూడలేదు. అడగకుండా ఊహించి చేసిన వాళ్లనే మందలించారు.

నాలుగవ నెలలో ఒక రాత్రి షిఫ్టులో మందు ఎంత శాతం ఉందో తేల్చే అస్సే పరీక్షకు నమూనా తూచాను. నూరు మిల్లీగ్రాముల పైన ఒక చిన్న అంకె వచ్చింది, బ్యాలెన్స్ ప్రింటు కూడా ఇచ్చింది. కాగితం మీది పొడిని ఫ్లాస్కులో పోస్తుండగా కొద్దిగా మూతి అంచుకు తగిలి బల్ల మీద ఒలికింది. చిటికెడు కూడా ఉండదు. ఆ బ్యాచ్ కోసం పొద్దున్నే లారీ వస్తుందని అందరికీ తెలుసు, గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఇలాగే ముందుకు వెళితే ఫలితం కొంచెం తక్కువ వచ్చినా, 98 నుంచి 102 శాతం పరిమితి లోపల పడవచ్చునన్న ఆలోచన నాకు రాలేదని చెప్పలేను. చేతులు వణికాయి. కానీ నమూనా పూర్తిగా ఫ్లాస్కులోకి చేరకపోతే వెంటనే రాసిపెట్టాలని, పనికిరాదని తెలిసిన పరీక్షను కొనసాగించకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చిన మార్గదర్శకంలోనే ఉందని మాకు శిక్షణలో చెప్పారు. ఆగిపోయాను. ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి, సమయం 2:40 అని వేసి, సంతకం చేసి షిఫ్ట్ ఇన్‌ఛార్జి దగ్గరకు వెళ్లాను.

ఆయన ముఖంలో లారీ గురించిన ఆందోళన కనిపించింది. అయినా పేజీ పూర్తిగా చదివి, కింద సంతకం పెట్టి, "మళ్లీ తూచమ్మా, తొందరపడకు" అన్నారు. బ్యాచ్ ఒక గంట ఆలస్యంగా వెళ్లింది.

ఆరు నెలలు నిండాక ఉద్యోగం ఖాయం చేసే సమావేశంలో మేనేజర్ గారు నా ముందు ఆ పేజీనే తెరిచి పెట్టారు. కష్టపడతానా, కలిసి పనిచేస్తానా అని అడగలేదు. "ఇక్కడ 2:40 అని ఉంది, మళ్లీ తూచింది 2:58కి. ఈ మధ్యలో ఏం చేశారు?" అన్నారు. ఇన్‌ఛార్జి గారికి చూపించి, బల్ల, బ్యాలెన్స్ శుభ్రం చేశానని, ఆ సమయాలు బ్యాలెన్స్ లాగ్‌బుక్‌లో రాశానని చెప్పాను. ఆయన ఆ లాగ్‌బుక్ తెప్పించి, ఆ తేదీ దగ్గర వేలు పెట్టి, రెండు పుస్తకాలనూ పక్కపక్కన ఉంచి చదివారు. సమయాలు కలిశాయి. మరుసటి సోమవారం నాకు ఉత్తర్వు చేతికి వచ్చింది.