బేగంపేటలో దోమల బంగళా

మా ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్ కొలువంటే వానాకాలమంతా మలేరియా స్లైడ్లే. వేలికొన నుంచి తీసిన నెత్తురుతో ఒక మందపు పూత, ఒక పలుచటి పూత వేయడం, రంగు వేసి ఆరబెట్టడం, మైక్రోస్కోపు కింద పెట్టి వెతకడం. పరాన్నజీవి ఎక్కడ ఉంటుందో, ఎలా ఉంటుందో మాకు ముందే తెలుసు. దోమ కడుపులో దాన్ని మొదటిసారి చూసిన రోనాల్డ్ రాస్‌కు ఈ రెండూ తెలియవు. అందుకే హైదరాబాద్‌లో పని పడగానే ఆయన పనిచేసిన చోటు చూసి రావాలనుకున్నాను.

కొత్తగూడెంలో రాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేసరికి బామ్మర్ది బండి వేసుకుని వచ్చి ఉన్నాడు. "గోల్కొండ, చార్మినార్ వదిలిపెట్టి దోమల బంగళా ఏంది బావా?" అని నవ్వాడు గానీ తీసుకుపోయాడు. దారిలో ఇరానీ చాయ్ తాగాం. పాత విమానాశ్రయం దగ్గర 'రోనాల్డ్ రాస్' అని అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపించారు.

బంగళా ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. సర్ రోనాల్డ్ రాస్ పేరుతో పారాసైటాలజీ (పరాన్నజీవుల శాస్త్రం) సంస్థ. నేను వచ్చింది గోడలు చూడటానికి కాదు కాబట్టి ఓ చెట్టు నీడన నిలబడి బామ్మర్దికి కథ మొదలుపెట్టాను.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. సైనిక వైద్యుడు. మలేరియా పరాన్నజీవిని అప్పటికే, 1880లో, అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగుల నెత్తురులో చూశాడు. అది ఒంట్లోకి ఎలా చేరుతుందన్నదే తేలలేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆ పరాన్నజీవిని రాస్‌కు స్లైడు మీద చూపించి, దోమ మీద తనకున్న అనుమానం చెప్పాడు. దోమ నీళ్లలో చచ్చిపోతే ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. మరుసటి ఏడు సికింద్రాబాద్ వచ్చిన రాస్ అలాంటి నీళ్లు మనుషులకు తాగించి మరీ చూశాడు! ఇవాళ ఆ పని చేస్తే జైలే.

రెండేళ్లు పోయినా ఏమీ తేలలేదు. కారణం తర్వాత గానీ అర్థం కాలేదు: ఆయన కోసి చూస్తున్నవన్నీ మనుషుల మలేరియా మోయని జాతులు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు చేతికొచ్చాయి. మేం అనాఫిలిస్ అనేవి అవే. హుసేన్ ఖాన్ అనే రోగిని ఆగస్టు 16న వాటితో కుట్టించారు, కుట్టిన దోమకు ఒక అణా లెక్కన ఇచ్చి. రాస్ పేరు ఇన్నిచోట్ల ఉన్నప్పుడు చెయ్యి చాపిన ఆ మనిషి పేరు ఒక్కచోటైనా పెడితే తప్పేముంది?

ఆ గదిలో ఉక్క ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా వద్దన్నాడు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న, కుట్టిన నాలుగో రోజు దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. నాలాంటివాడికి ఒళ్లు జలదరించేది ఇక్కడే. ఆ నలుపు ఏ దోమకూ సొంతం కాదు. మలేరియా రోగి నెత్తురులో మేం రోజూ చూసే రంగు రేణువే అది. మర్నాడు ఇంకో దోమను కోస్తే కణాలు ముందటి రోజు కంటే పెద్దగా ఉన్నాయి. అంటే అది బతికి ఉంది, పెరుగుతోంది.

"అంటే ఇక్కడనే అంతా అయిపోయినట్టేనా?"

సగమే అయిందన్నాను. కడుపులో ఉన్నది మళ్లీ మనిషిలోకి ఎలా వస్తుందో తేలాలి కదా. ఆ లోపే రాస్‌కు బదిలీ ఉత్తర్వు వచ్చింది, రాజపుతానాకు, అంటే ఇప్పటి రాజస్థాన్ వైపు. బామ్మర్ది పంచాయతీరాజ్‌లో గుమస్తా. "సర్కారు కొలువంటే గంతే బావా," అని పెద్ద నిట్టూర్పు విడిచాడు. మిగతా సగం 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద తేల్చాడు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు ఒంట్లోకి దిగుతుంది. 1902లో నోబెల్ వచ్చింది. మనుషుల మలేరియాలో దోమ పాత్రను పూర్తిగా తేల్చింది మేమేనని ఇటలీ శాస్త్రవేత్త గ్రస్సీ వాదించాడు, ఆ తగవు చాలాకాలం నడిచింది. రాస్ గొప్పవాడే గానీ నోరు మంచిది కాదని నా అభిప్రాయం.

మధ్యాహ్నం నల్లకుంట మీదుగా వెళ్లాం. అక్కడి ఫీవర్ ఆసుపత్రికీ రాస్ పేరే పెట్టారు, పెద్దవాళ్లు మాత్రం ఇంకా కోరంటి దవాఖానా అంటారు. ఓపీ లైను గేటు దాకా ఉంది.

బామ్మర్దికి అప్పుడు గుర్తొచ్చింది. "మలేరియా టీకా మన హైదరాబాద్‌లనే తయారైతదంట గద?" అవును, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన తొలి టీకా తయారీని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం కుదిరింది. కానీ అది ముఖ్యంగా ఆఫ్రికా పిల్లల కోసం. మన దగ్గర ఇంకా దోమతెరలు, మందు పిచికారీ, జ్వరం వచ్చిన ప్రతివాడి నెత్తురు పరీక్షే దిక్కని చెప్పాను.

"అయితే నీ కొలువుకు ఢోకా లేదన్నట్టు," అని బండి స్టార్ట్ చేశాడు.