ఒకసారి 42, ఇంకోసారి 11

సిరిమానోత్సవం రోజు, కోట ముందు జనంలో నిలబడి ఉండగా గుండెల్లోంచి మొహం దాకా ఒక్కసారిగా సెగ తన్నింది. జాకెట్టు తడిసిపోయింది. "ఏటే, అలా చెమటలు పట్టిపోతన్నాయి? బీపీ గానీ ఏమో" అంది మా తోటికోడలు. నాకు 46. అప్పటికే నెలసరి రెండు నెలలకోసారి వస్తోంది.

విజయనగరంలోనే ఒక ల్యాబ్‌లో ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష చేయించాను. మెనోపాజ్‌లో, అంటే నెలసరి ఆగిపోయే వయసులో, పెరిగే హార్మోన్ అది. 42 వచ్చింది. "మెనోపాజ్ వచ్చేసిందమ్మా" అనేశాడు కుర్రాడు, చిల్లర లెక్కపెడుతూనే. ఇంటికొచ్చి ఏడ్చాను. పది రోజులు తిరక్కుండానే నెలసరి వచ్చింది! ఆరు వారాలాగి మళ్ళీ చేయిస్తే 11.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నవ్వారు. ఈ వయసులో హార్మోన్లు ఇలాగే ఎగిరి పడుతుంటాయట. 45 దాటాక లక్షణాలను బట్టే తెలుస్తుంది, ఈ పరీక్షకు డబ్బు దండగ అన్నారు. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్. థైరాయిడ్ మాత్రం చూడమన్నారు, అది బాగానే ఉంది.

మరి ఆ రిపోర్టులో పక్కన వేసే నార్మల్ అంకెలు ఎవరివి? అమెరికాలో ఉన్న మేనకోడల్ని అడిగాను. అక్కడ స్వాన్ అనే అధ్యయనంలో 1996 నుంచి 3,302 మంది ఆడవాళ్ళను, జాతి మూలాలను బట్టి అయిదు గుంపులుగా, ఏళ్ళ తరబడి గమనించారట. చైనా, జపాన్ మూలాల వాళ్ళలో ఎస్ట్రడియోల్ అనే ఆడ హార్మోన్ తక్కువగా కనిపించింది. ఒంటి బరువును బట్టీ అంకెలు మారతాయి. సెగలు జపాన్ మూలాల వాళ్ళకు సుమారు 5 ఏళ్ళు ఉంటే, నల్లజాతి వాళ్ళకు 10 ఏళ్ళు. "మనవాళ్ళో?" అన్నాను. "ఆ అయిదు గుంపుల్లో మనం లేం అత్తా" అంది. కాస్త ఉక్రోషం వచ్చింది, నిజం చెప్పాలంటే.

తోటికోడలు మాత్రం "గర్భసంచి తీయించేసుకో, పీడా పోద్ది" అని ఒకటే పోరు. ఆవిడ 38కే తీయించుకుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లలో మన రాష్ట్రమే ముందుంది, 15-49 ఏళ్ళ వాళ్ళలో నూటికి తొమ్మిది మంది దాకా. "నాకేం జబ్బని కోయించుకోవాలి వదినా?" అన్నాను. అలిగింది.

వంటింటి క్యాలెండర్‌లో తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతున్నాను. ఈ నెలతో ఏడు పేజీలు ఖాళీ.