పాయింట్లు చూశాకే కార్బ్యురేటర్: పాత ఎమ్‌జీబీతో నా చలికాలం

1969లో తయారైన ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి రెండేళ్ల కిందట మా ఇంటికి వచ్చింది. మేముండే రెడింగ్ నుంచి అది పుట్టిన అబింగ్డన్ ఊరు సుమారు పాతిక మైళ్ల దూరం. 1962 నుంచి 1980 వరకు అక్కడి ఫ్యాక్టరీలో, వెనుక గాజుతలుపు ఉన్న జీటీ రకంతో కలిపి, ఐదు లక్షలకు పైగా ఈ కార్లు తయారయ్యాయి. 1980లోనే ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. రెండు సీట్లు, గుడ్డ టాపు, 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను, దానికి పెట్రోలునూ గాలినీ కలిపే రెండు కార్బ్యురేటర్లు, ఒక్కో సిలిండర్‌కు వంతులవారీగా నిప్పురవ్వ పంపే ఒక డిస్ట్రిబ్యూటర్. కంప్యూటర్ అనే మాట ఈ కారులో ఎక్కడా లేదు. ఇన్ని లక్షల కార్లు అమ్ముడైనందువల్ల, నట్టు దగ్గర నుంచి మొత్తం బాడీ వరకు ఈ రోజుకీ కొత్త సామాను దొరుకుతుంది. సామాను దొరుకుతుంది గానీ, దాన్ని సరిగా బిగించే చెయ్యే దొరకడం లేదు. ఇప్పటి వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రవాళ్లలో చాలామంది, డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుని మూసుకుంటూ నిప్పురవ్వ పుట్టించే కాంటాక్ట్ పాయింట్లను కళ్లతో చూసి ఉండరు, అది వాళ్ల తప్పూ కాదు. అందువల్ల పని నేనే నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

నాకున్న ధైర్యం పుస్తకాల వల్ల వచ్చింది కాదు. మా పెదనాన్న తెనాలిలో ముప్పై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు, దాని పనంతా తన చేత్తోనే చేసుకునేవారు. పెట్రోలు అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజను, నా ఎమ్‌జీబీలో ఉన్న ఇంజను ఒకే కుటుంబానివి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్‌లో ఒకటి తెనాలిలో పెళ్లివారిని మోసింది, దాన్నే పెద్దది చేసి మరో కార్బ్యురేటర్ తగిలిస్తే ఇంగ్లండులో స్పోర్ట్స్ కారు నడిచింది. ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు పెదనాన్న ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "అయితే టాపెట్లు అవే, పాయింట్లు అవే. నీకు భయమెందుకురా?" అన్నారు. టాపెట్లంటే ఇంజను వాల్వులను తెరిచే భాగాలు.

కారుకు ఉన్న జబ్బు విచిత్రమైనది. ఐడిల్‌లో, అంటే కారు కదలకుండా ఇంజను మాత్రం ఆడుతున్నప్పుడు, గడియారంలా నడిచేది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఉత్సాహంగా లాగేది. సమంగా ఉన్న రోడ్డు మీద నలభై మైళ్ల వేగంతో, కాలు తేలికగా ఆనించి వెళ్తున్నప్పుడు మాత్రం మిస్ కొట్టి, కుదుపులు ఇచ్చి, ఉన్నట్టుండి మళ్లీ సర్దుకునేది. ఈ లక్షణం చదివినవారిలో అనుభవజ్ఞులకు కారణం ఇప్పటికే తట్టి ఉంటుంది. నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది.

అయితే ఇంజను జోలికి పోకముందే బ్రేకులు పూర్తి చేశాను, ఆ క్రమం విషయంలో నాకు ఇప్పటికీ రెండో ఆలోచన లేదు. ఇంగ్లండులో అమ్మిన 1969 నాటి ఎమ్‌జీబీలో బ్రేక్ ఆయిల్‌కు ఉన్నది ఒకే వరుస. అంటే నాలుగు చక్రాలకూ కలిపి ఒకే దారి. ఎక్కడ ఒక పైపు తుప్పుపట్టి పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి, మిగిలేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. వెనుక యాక్సిల్ మీదుగా వెళ్లే ఉక్కు పైపును గోటితో గీకితే పొట్టు రాలింది. పైపులన్నీ తీసేసి రాగి, నికెల్ కలిసిన గొట్టంతో కొత్తవి వంచుకున్నాను, చివర్లు విప్పార్చే (ఫ్లేర్ చేసే) పనిముట్టు కొని మొదటి ఆరు చివర్లు పాడుచేశాక ఏడోది కుదిరింది. ముందు చక్రాలకు రెండు, వెనుక యాక్సిల్‌కు ఒకటి, మొత్తం మూడు రబ్బరు గొట్టాలు ఉంటాయి. వాటిని కూడా మార్చాను.

చక్రాలు విప్పడమే ఒక పాఠం. ఈ కారువి తీగల చక్రాలు, మధ్యలో రెండు చెవులున్న ఒకే పెద్ద నట్టు ఉంటుంది, దాన్ని రాగి సుత్తితో కొట్టి విప్పాలి. కుడివైపు విప్పే దిక్కు, ఎడమవైపు విప్పే దిక్కు ఒకటి కాదు. నట్టు మీద బాణం గుర్తు పోతపోసి ఉన్నా, నేను దాన్ని చూడకుండా మొదటి చక్రాన్ని పది నిమిషాలు శ్రద్ధగా మరింత బిగించాను. పానాల విషయం కూడా అంతే. ఇక్కడ కొలతలన్నీ అంగుళాల్లోనే ఉంటాయి. అరంగుళం నట్టుకు 13 మిల్లీమీటర్ల పానా ఇంచుమించు పడుతుంది, ఆ ఇంచుమించులోనే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. కారును జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందికి దూరే ధైర్యం నాకు లేదు; నాలుగు స్టాండ్లు మొదటి రోజే కొన్నాను.

బ్రేకు పైపుల్లోంచి గాలి తీసే రోజున మా ఆవిడ పెడల్ దగ్గర కూర్చుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనుక చక్రంతో మొదలుపెట్టి, "తొక్కు", "పట్టుకో", "వదులు" అనే మూడు మాటలతో గంటన్నర గడిపాం. సీసాలోకి దిగిన సన్నటి గొట్టంలో బుడగలు రావడం తగ్గి, చివరికి కల్లు రంగులో ఉన్న పాత ఆయిల్ పోయి తేనెరంగు కొత్త ఆయిల్ వచ్చింది. ఇంత జాగ్రత్తలోనూ డబ్బా మూతకు అంటిన ఆయిల్ రెండు చుక్కలు బానెట్ అంచున పడ్డాయి. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుందని చదివాను గానీ, ఎంత తొందరగా తింటుందో తెలియదు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి అక్కడ రంగు ముడతలుపడి, వేలితో తుడిస్తే ఊడివచ్చింది. వెంటనే నీళ్లతో కడిగి ఉంటే ఆ మచ్చ పడేది కాదు.

ఇక అసలు జబ్బు. తేలికపాటి యాక్సిలరేటర్‌లో కుదుపులు వస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనే అనుమానం ఎవరికైనా కలుగుతుంది, నాకూ అదే కలిగింది. ఈ ఎస్‌యూ రకం కార్బ్యురేటర్ల అందం కూడా నన్ను తప్పుదారి పట్టించింది. గాలి లాగే బలాన్నిబట్టి పైకీ కిందికీ కదిలే ఒక పిస్టన్, దానికి వేలాడే సన్నటి కొనదేలిన సూది, ఆ సూది దూరే, పెట్రోలు వచ్చే జెట్ అనే గొట్టం, ఇంతే యంత్రం. జెట్ కింద ఆరు పలకల నట్టు ఉంటుంది, ఒక్కో పలక తిప్పినకొద్దీ పెట్రోలు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. చేతికి అందే చోట, కంటికి కనబడేలా ఉన్న దాన్ని తిప్పకుండా ఉండడం కష్టం. మూడు శని, ఆదివారాలు నేను ఆ నట్లు తిప్పాను. కుదుపు కొంచెం తగ్గినట్టే ఉండేది, మరునాడు మళ్లీ మామూలే. ప్లగ్గులు విప్పి చూస్తే నల్లగా మసిపట్టి ఉన్నాయి, అంటే పెట్రోలు తక్కువ కావడం అటుంచి ఎక్కువైపోయింది. అయినా జబ్బు పోలేదు.

అప్పుడు పెదనాన్నకు ఇంజను శబ్దం వినిపిద్దామని వీడియో కాల్ చేశాను. ఫోను అనవసరపు చప్పుడు అనుకుని ఇంజను శబ్దాన్ని వడకట్టేసింది. ఆయనకు వినబడింది నా మాటలు మాత్రమే. చివరికి నోటితోనే లక్షణాలు చెప్పాను. అంతా విని, "కార్బ్యురేటర్ మీద చెయ్యి వెయ్యకముందు పాయింట్లు చూశావుట్రా?" అన్నారు. చూడలేదన్నాను. "డిస్ట్రిబ్యూటర్‌కి కార్బ్యురేటర్ నుంచి సన్న పైపు వస్తుంది చూడు. అది ఊడదీసి, కార్బ్యురేటర్ వైపు బొక్క మూసి, ఒక రౌండు వేసి రా. కుదుపు పోతే నాకు ఫోన్ చెయ్యి. పోకపోయినా చెయ్యి."

కుదుపు పోయింది. కారు లాగుడు కొంచెం మందగించింది గానీ నలభై మైళ్ల వేగంలో నూనె పూసినట్టు సాగింది. కారణం తెలిశాక దాని తర్కం ముచ్చటేసింది. తేలికగా నడిపేటప్పుడు ఇంజను గుంజే వాక్యూమ్ ఆ సన్న పైపు గుండా వచ్చి, డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన పళ్లాన్ని కొద్దిగా తిప్పుతుంది. దానివల్ల నిప్పురవ్వ ముందుగా పడుతుంది. ఐడిల్‌లో ఆ పైపులోకి వాక్యూమ్ రాదు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా పడిపోతుంది. కాబట్టి ఆ రెండు వేళల్లో పళ్లెం కదలదు, జబ్బూ కనబడదు. పళ్లెం తిరిగినప్పుడే ఏదో తెగుతోంది.

మూత తీసి, బ్యాటరీతో నడిచే చిన్న లైటు నోట కరచుకుని చూశాను. లూకస్ 25డి4 అనే ఈ డిస్ట్రిబ్యూటర్‌లో కదిలే పళ్లానికీ బాడీకీ మధ్య బెత్తెడు కూడా లేని ఒక ఎర్త్ తీగ ఉంటుంది, దాని మీద గుడ్డ అల్లిక. పైకి చూస్తే తీగ నిక్షేపంగా ఉంది. పట్టకారుతో మెల్లగా లాగితే మాత్రం గుడ్డ సాగింది. లోపలి రాగి పోగులు ఎప్పుడో తెగిపోయి ఒకదానికొకటి ఆనుకుని మాత్రమే ఉన్నాయి. రూఢి చేసుకోవడానికి మీటరు తగిలించి, ఆ సన్న పైపును నోట పెట్టుకుని గాలి పీల్చాను. పళ్లెం టిక్కుమని తిరిగింది, మీటరు ముల్లు ఎగిరి పడింది. వదిలితే ముల్లు మళ్లీ కిందికి. మూడు వారాలుగా నేను కార్బ్యురేటర్‌లో వెతుకుతున్నది అక్కడ ఉంది.

అక్కడ మామూలు వైరు ముక్క పనికిరాదు, ప్రతి కదలికకూ వంగే చోటు కాబట్టి కొన్నాళ్లకే విరుగుతుంది. సన్నటి పోగులు అల్లిన మెత్తని తీగ తెప్పించి వేశాను. పనిలో పనిగా పాయింట్లు, అవి కాలిపోకుండా కాపాడే కండెన్సర్ కూడా మార్చాను. మార్చి సెల్ఫ్ కొడితే ఇంజను అసలు స్టార్టే కాలేదు. పాయింట్ల స్ప్రింగు తగులుకునే చిన్న స్తంభం మీద ఒక ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. కండెన్సర్ వైరు, నిప్పురవ్వకు కావలసిన అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్ వైరు, ఈ రెండింటి రింగులూ ఆ టోపీ మీద కూర్చోవాలి, స్ప్రింగుకు తగలాలి, స్తంభానికి మాత్రం తగలకూడదు. నేను ఒక రింగును టోపీ కింద పెట్టాను. దానితో కరెంటంతా నేరుగా ఎర్త్ అయిపోయి, పాయింట్లు తెరుచుకున్నా మూసుకున్నా తేడా లేకుండా పోయింది. ఇది కనిపెట్టడానికి గంట, సరిచేయడానికి నిమిషం.

పాయింట్ల మధ్య సందు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు టాపెట్ల సందు కూడా అంతే. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లోని ఒకే ఆకుతో రెండు పనులూ అయిపోతాయన్న సంగతి నాకు ఎందుకో ఎంతో తృప్తినిచ్చింది. టాపెట్లకు పెదనాన్న చెప్పిన లెక్క తొమ్మిది. ఎనిమిది వాల్వులకు వరుసగా నంబర్లు వేసుకుని, ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది చూడాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. ఏ జత కలిపినా తొమ్మిదే రావాలి. ప్లగ్గులు విప్పి, నాలుగో గేరులో పెట్టి, కారును చేత్తో జానెడు జానెడు తోస్తే ఇంజను తిరుగుతుంది. ఆకు మరీ వదులుగా జారకూడదు, పట్టేయకూడదు. పుస్తకంలో కాగితం లాగినట్టు కొద్దిగా ఆనాలి. రెండు వాల్వులు బాగా బిగుతుగా ఉన్నాయి.

ఇవన్నీ అయ్యాకే కార్బ్యురేటర్లకు వచ్చాను. రెండు జెట్లనూ పైఅంచుకు సమంగా తెచ్చి, అక్కడ నుంచి పన్నెండు పలకలు కిందికి దించి మొదలుపెట్టాను. ఇంజను వేడెక్కాక, ఒక మూర పొడవు రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో, మరో చివర కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి, రెండింటి బుస ఒకే స్థాయిలో వినబడేవరకు గాలి దారిని తెరిచే థ్రాటిల్ మరలు సర్దాను. తరువాత పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను మిల్లీమీటరు కంటే తక్కువ ఎత్తాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. మూడు వారాలు లొంగని పని నలభై నిమిషాల్లో అయిపోయింది. పిస్టన్ పైనున్న గొట్టంలో నూనె తగ్గితే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను తడబడుతుంది కనుక, అది కూడా పోశాను. ఇంజను ఆయిలే సరిపోతుంది.

నేను ముట్టుకోని పని ఒకటుంది. తలుపుల కింద నిలువునా సాగే సిల్స్ అనే ఇనుప పెట్టెలే ఈ కారుకు వెన్నెముక, వీటికి ఛాసిస్ వేరే లేదు. ఎడమ సిల్ అడుగున అయస్కాంతం పెడితే కొన్ని చోట్ల అతుక్కోలేదు, అంటే పాతవాళ్లెవరో తుప్పు మీద పుట్టీ పూసి రంగు వేశారు. అది వెల్డింగ్ తెలిసినవారికే అప్పగించాను. తలుపు సందులు మారకుండా లోపల కలుపు కడ్డీలు వేసి, ఒక్కో పొర కోసి అతికిన పనికి నేనిచ్చిన డబ్బు మిగిలిన సామానంతా కలిపినదానికంటే ఎక్కువే. బేరం ఆడలేదు.

నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకు బ్రిటన్‌లో 2018 నుంచి కారు రోడ్డు మీద నడపడానికి తగినట్టుందా అని ఏటా జరిగే ఎమ్‌ఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా నేను డబ్బు కట్టి చేయిస్తున్నాను, ఒకే వరుస బ్రేకు ఉన్న కారును నా ఒక్కడి కళ్లకే వదిలేయడం నాకిష్టం లేదు. మొన్నటి పరీక్షలో కారు నెగ్గింది గానీ, వెనుక కుడి బ్రేకు డ్రమ్ము అంచున తడి ఉందని రాసిచ్చారు. యాక్సిల్ సీలు కారుతోందో, బ్రేకు సిలిండరు కారుతోందో ఇంకా చూడలేదు. వేలికి అంటిన నూనె చిక్కగా ఉంది, ఘాటు వాసన కొడుతోంది, బ్రేక్ ఆయిల్ వాసన మాత్రం కాదు. ఈ శనివారం డ్రమ్ము విప్పుతాను, ఈసారి నట్టు మీద బాణం ముందే చూసుకుంటాను.