గిటారు మోత తగ్గించే పని ఎంతవరకు వచ్చిందంటే

శ్రీరామనవమి పందిళ్ల నుంచి వేసవి పెళ్లిళ్ల దాకా నా అకౌస్టిక్ గిటారుకు చేసిన మార్పులన్నీ ఒకచోట రాసి పెట్టుకుంటున్నాను. కడపలో మాది చిన్న పాటల బృందం. ఒక గాయని, తబలా, కీబోర్డు, నేను. నాది డ్రెడ్‌నాట్ అనే పెద్ద పెట్టె గిటారు, తీగలు ఆనుకునే శాడిల్ కింద అదురును విద్యుత్ సంకేతంగా మార్చే పీజో పికప్ ఉంది. గదిలో ఎంత హాయిగా పలికినా, పందిట్లో శబ్దం కాస్త పెంచగానే పొట్టలోంచి మోత మొదలవుతుంది.

గాయని మైకు నుంచి వచ్చే సన్నని కీచు వేరు, గిటారు నుంచి వచ్చే ఈ లావు మోత వేరు. స్పీకరు శబ్దం గిటారు పై చెక్కను కదిలిస్తుంది. ఆ కదలికను పికప్ అందుకుంటుంది, యాంప్లిఫయర్ దాన్ని పెంచి మళ్లీ స్పీకరుకే పంపుతుంది. ఈ చుట్టులో ఏ స్వరం తగ్గకుండా తిరిగి వస్తుందో అదే మోతగా నిలిచిపోతుంది. డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరుతో దీన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు.

గిటారుకు అన్ని స్వరాలూ మోగవు, దాని పెట్టెకు సొంత స్వరాలు ఉంటాయి. అవేవో తెలిస్తే సగం పని అయినట్టే. సౌండ్ హోల్ (పై చెక్కకున్న గుండ్రటి రంధ్రం) దగ్గర నోరు పెట్టి కింది శ్రుతి నుంచి మెల్లగా పైకి హుమ్మని కూనిరాగం తీస్తే, ఒకచోట పెట్టె మొత్తం చేతుల్లో అదురుతుంది. ఆ స్వరాన్ని ఫోనులోని ట్యూనర్‌తో చూస్తే నా గిటారుకు 100 హెర్ట్జ్ దగ్గర తేలింది. అది పెట్టెలోని గాలి స్వరం. బ్రిడ్జి (పై చెక్క మీద తీగలు బిగించే పట్టీ) పక్కన వేలితో తడితే వినిపించేది పై చెక్క స్వరం, నా దానికి 200కు కాస్త అటూ ఇటూ. ఆరో తీగ మూడో మెట్టు మీద పలికే జి స్వరం 98 హెర్ట్జ్, మూడో తీగ వదిలి మీటితే 196. జి శ్రుతి పాటలే ఎక్కువగా మోగడానికి కారణం ఇదే. మూడో మెట్టులో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెడితే ఆరో తీగ ఊరికే మీటినా ఆ 98 పలుకుతుంది!

మొదట నాచ్ ఫిల్టరు తెచ్చాను. ఒకే చోట సన్నగా కోసే చిన్న పెట్టె అది. 100 దగ్గర 8 డెసిబెల్ తగ్గించగానే తేడా స్పష్టంగా వినిపించింది. కోత మరీ సన్నగా ఉంటే మాత్రం మన ఎండలకు నిలవదు. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, దానితో గాలి స్వరం కూడా పైకి జరుగుతుంది. 40 డిగ్రీల మధ్యాహ్నం సరిచూసుకున్న 100, రాత్రి 28 డిగ్రీలకు దిగేసరికి 98 అవుతుంది. అందుకే కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే క్యూ విలువను 10 దగ్గరే ఉంచుతున్నాను. అప్పుడు కోత వెడల్పు 10 హెర్ట్జ్ ఉంటుంది, ఈ జారుడును తట్టుకుంటుంది.

తర్వాత సౌండ్ హోల్‌కు రబ్బరు మూత పెట్టాను. ఇన్ని మార్పుల్లో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. గాలి స్వరం దాదాపు అణిగిపోయింది. దగ్గర కూర్చుని వింటే గిటారు గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది కానీ, జనం వినేది పికప్ నుంచి వచ్చేదే కాబట్టి నష్టం లేదు. ఇక ఖాళీ అయిన నాచ్‌ను 200కు మార్చాను. అక్కడ లోతుగా కోస్తే మూడో తీగ చచ్చిపోతుంది. 4 డెసిబెల్ చాలు.

మానిటరు (మా శబ్దం మాకే వినిపించడానికి పెట్టుకునే స్పీకరు) చోటు మార్చడం వల్ల కూడా చాలా మేలు జరిగింది. నేల మీద పెట్టి పైకి వంచితే అది సూటిగా పై చెక్కనే కొడుతుంది. ఇప్పుడు దాన్ని ఒక కుర్చీ మీదికెక్కించి, గిటారు మెడ వైపు నుంచి నా చెవికి తిప్పుతున్నాను. దూరం సగమైతే చెవికి 6 డెసిబెల్ ఎక్కువ అందుతుంది, ఆ మేరకు శబ్దం తగ్గించుకోవచ్చు. గాయనిది కార్డియాయిడ్ మైకు, దాని వెనక వైపు చెవిటిది, ఆమె మానిటరు సరిగ్గా అక్కడే ఉండాలి. ఇంకా ఇరుకుగా వినే సూపర్ కార్డియాయిడ్ మైకు అయితే వెనక నుంచి కాస్త పక్కలకు.

పందిట్లో బల్లలు పరిచిన వేదిక మీదే బేస్ బాక్సు పెడితే అదురు కాళ్ల కింది నుంచే గిటారుకు ఎక్కుతుంది. "అన్నా, దీన్ని నేల మీదికి దించుదామా?" అని ఆపరేటర్‌ను ముందే అడుగుతున్నాను. "దించుదాంలే, జనానికి మాత్రం తగ్గకూడదు" అన్నాడాయన, దించాక కూడా తగ్గలేదు. కింది స్వరాలను కీబోర్డు చూసుకుంటుంది కాబట్టి గిటారుకు మిక్సర్‌లో లో కట్ (కింది స్వరాలను కోసేసే బొత్తం) నొక్కే ఉంచమంటున్నాను.

పెళ్లి మండపాల సంగతి వేరు. కడప బండల నేల, నున్నటి గోడలు శబ్దాన్ని అలాగే తిప్పికొడతాయి. జంపఖానా పరిస్తే మైకు కీచు కొంత తగ్గుతుంది కానీ, 100 హెర్ట్జ్ మోతకు అది అడ్డే కాదు. ఆ స్వరం అలపొడవు మూడున్నర మీటర్లు. ఇక్కడ పనికొచ్చేది ప్రీయాంప్ (పికప్ సంకేతాన్ని మొదట పెంచే పెట్టె) మీద, ఆ సంకేతాన్ని తలకిందులు చేసే ఫేజ్ బొత్తం. స్పీకరుకూ గిటారుకూ మధ్య దూరం మారితే దాని సరైన స్థానమూ మారుతుంది, అందుకే నేను కూర్చునే చోటు ఖాయమయ్యాకే రెండు వైపులా నొక్కి చూస్తాను. మోత ఆలస్యంగా మొదలయ్యే వైపు ఉంచేస్తాను.

తర్వాతి పని సౌండ్ హోల్‌లో బిగించే మాగ్నెటిక్ పికప్. అది తీగల కదలికనే ఎక్కువగా పట్టుకుంటుంది, చెక్క అదురును అంతగా పట్టించుకోదు. కింది స్వరాలు దాని నుంచి, పై మెరుపు పీజో నుంచి తీసుకోవాలని ఆలోచన. చిక్కల్లా అది కూర్చుంటే రబ్బరు మూతకు చోటుండదు, నా దగ్గరున్న నాచ్ ఒక్కటే. దాన్ని మళ్లీ 100కు దించి, 200ను మిక్సర్ ఈక్వలైజర్‌కు వదిలేసి చూడాలి. కంచు తీగలు మాగ్నెటిక్ పికప్‌కు బలంగా అందవు, నికెల్ తీగల సెట్టు ఒకటి తెప్పించుకోవాలి.