పన్నెండు రోజులు తగ్గించిన లెక్క

180 రోజుల్లో పూర్తి కావలసిన భవనాన్ని 168 రోజుల్లో అప్పగించగలరా అని యజమాని అడిగినప్పుడు, నేను తొందరపడి అన్ని పనులకూ తలా కొంతమంది కూలీలను పెంచి, ఓవర్‌టైమ్ మొదలుపెట్టించాను. ప్రహరీ గోడ వారం ముందే లేచింది. కానీ ఆ పనికి అప్పటికే 25 రోజుల ఫ్లోట్ ఉంది, అంటే అన్ని రోజులు ఆలస్యమైనా మొత్తం గడువు మారదు కాబట్టి, అదనపు కూలి ఖర్చయిందే గానీ భవనం పూర్తయ్యే తేదీ ఒక్క రోజు కూడా ముందుకు జరగలేదు.

అప్పుడు మళ్లీ నెట్‌వర్క్ ముందు, అంటే ఏ పని తర్వాత ఏది చేయాలో చూపే పటం ముందు కూర్చున్నాను. 1957లో మోర్గాన్ వాకర్, జేమ్స్ కెల్లీ క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించింది కూడా ఇలాంటి ప్రశ్న కోసమే: ఏ పనిని తొందరపెడితే తక్కువ ఖర్చుతో గడువు తగ్గుతుంది?

పర్యవేక్షణ, అద్దె యంత్రాలు, కాపలా, అప్పు మీద వడ్డీ కలిపి పరోక్ష వ్యయం రోజుకు 100 అనుకుందాం. క్రిటికల్ పాత్ మీద, అంటే మొత్తం గడువును నిర్ణయించే అతి పొడవైన పనుల వరుస మీద ఉన్న షట్టరింగ్‌కు (కాంక్రీటు పోసే అచ్చు పలకలకు) రెండో సెట్టు తెప్పిస్తే ఆరు రోజులు తగ్గుతాయి, రోజుకు 40 చొప్పున అదనం. అంటే రోజుకు 60 మిగులు. ఆ తర్వాత చవకైనది ప్లాస్టరింగ్, రోజుకు 70. సెంట్రింగ్ (కాంక్రీటు కింద ఉంచే ఆధారాలు) విప్పే గడువును మాత్రం నేను ముట్టుకోలేదు. అది కాంక్రీటుకు వచ్చిన బలాన్ని బట్టి తేలవలసిందే గానీ మా అవసరాన్ని బట్టి కాదు.

ప్లాస్టరింగ్‌లో రెండు రోజులు తగ్గించేసరికి, మొదట 8 రోజుల ఫ్లోట్‌తో విడిగా నడుస్తున్న నీటి సంపు, పంపుల గది పనులు కూడా క్రిటికల్ అయ్యాయి. ఇక మీదట ఒక్క రోజు తగ్గాలంటే రెండు దారులనూ తొందరపెట్టాలి: 70కి సంపు పనుల 55 కలిస్తే 125. దానివల్ల తగ్గే పరోక్ష వ్యయం 100 మాత్రమే. అందువల్ల అతి తక్కువ వ్యయం 172వ రోజు దగ్గరే ఉంది. అక్కడికి మొత్తం 420 ఆదా. 168కి దిగితే అందులో 100 పోయి 320 మిగులుతుంది.

ఈ రెండు అంకెలనూ పట్టిక వేసి యజమాని ముందు పెట్టాను, ఎందుకంటే ఆ నాలుగు రోజుల విలువ ఎంతో ఆయనకే తెలియాలి. ముందుగా అద్దెకిస్తే రోజుకు 25 కంటే ఎక్కువే వస్తుందని లెక్క చూసుకుని, ఆయన 168నే ఎంచుకున్నారు. ఆ రాత్రి కొత్త నెట్‌వర్క్ గీసి, రెండు దారులకూ ఎర్ర సిరా పూశాను. రెండింటిలోనూ ఇక ఒక్క రోజు వెసులుబాటు కూడా మిగలలేదు.